ఐపీఓ డబ్బు వస్తుందని ఇల్లు తనఖా పెట్టకండి

ప్రశ్న: హైదరాబాద్‌లో 40 మందితో సాఫ్ట్‌వేర్ కంపెనీ నడుపుతున్నాను. రెండేళ్లలో ఎస్‌ఎంఈ ఐపీఓకు (చిన్న, మధ్య తరహా కంపెనీలు తొలిసారి షేర్లు ప్రజలకు అమ్మి డబ్బు సేకరించడం) వెళ్లాలని ఉంది. ఈలోగా టర్నోవర్ పెంచుకోవడానికి విశాఖలో ఓ చిన్న కంపెనీని 2.5 కోట్లకు కొనాలనుకుంటున్నాను. ఇల్లు తనఖా పెట్టి నా పేరున అప్పు తెచ్చి కంపెనీకి ఇస్తాను, ఐపీఓ డబ్బు రాగానే తీర్చేస్తాను. పొదుపు 4 లక్షలుంది. కంపెనీ గ్రూప్ హెల్త్ పాలసీ ఉంది. ఇది సరైనదేనా?

జవాబు: కాదు. ఇదే లెక్క వేసుకుంటున్న ప్రమోటర్లు (మీలా కంపెనీ పెట్టి నడిపేవాళ్లు) చాలామంది ఉన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను.

ప్రమోటర్ ఇచ్చిన అప్పును ఎస్‌ఎంఈ ఐపీఓ సొమ్ముతో తీర్చడాన్ని షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2025 మార్చిలో నిషేధించింది. చుట్టూ తిప్పి తీర్చినా ఒప్పుకోదు. మీ షేర్లు అమ్ముదామన్నా, ఆఫర్ ఫర్ సేల్ (పాత వాటాదారులు తమ షేర్లు అమ్ముకునే భాగం) మొత్తం ఇష్యూలో 20 శాతం దాటకూడదు. మిగిలిన వాటా లాక్-ఇన్‌లో ఉంటుంది, అంటే కొంతకాలం అమ్మడానికి వీలుండదు. కాబట్టి ఏ డబ్బును నమ్ముకుని అప్పు చేస్తున్నారో అది మీ చేతికి రాదు. బ్యాంకు మాత్రం వచ్చే నెల నుంచే ఈఎంఐ అడుగుతుంది. 10 శాతం వడ్డీతో పదేళ్లకు తీసుకుంటే నెలకు సుమారు 3.30 లక్షలు. మీ పొదుపు ఒక్క కిస్తీకి సరి!

అసలు ఐపీఓ అనుకున్న రోజుకు వస్తుందన్న భరోసా ఏది? ఆన్‌లైన్ మందుల కంపెనీ ఫార్మ్‌ఈజీ 2021లో ల్యాబ్ పరీక్షల సంస్థ థైరోకేర్‌లో 66.1 శాతం వాటాను 4,546 కోట్లకు కొంది. అదే ఏడాది నవంబరులో 6,250 కోట్ల ఐపీఓకు పత్రాలు దాఖలు చేసి, 2022 ఆగస్టులో వెనక్కి తీసుకుంది. చివరికి అప్పు తీర్చడానికి 2023లో పాత ధర కంటే దాదాపు 90 శాతం తక్కువకు షేర్లు ఇవ్వాల్సి వచ్చింది. వాళ్లను నిలబెట్టడానికి పెద్ద ఇన్వెస్టర్లున్నారు. మీకున్నది ఆ ఇల్లే.

ముందు 12 నెలల ఇంటి ఖర్చు కంపెనీ ఖాతాకు సంబంధం లేకుండా, మీ సొంత పేరున పక్కన పెట్టండి. క్లయింట్ బిల్లు ఆలస్యమైతే మొదట ఆగేది యజమాని జీతమే. గ్రూప్ పాలసీ కంపెనీతోనే పోతుంది కాబట్టి కుటుంబానికి విడిగా హెల్త్ పాలసీ తీసుకోండి. టర్మ్ పాలసీ (మీరు పోతే కుటుంబానికి సొమ్ము అందించే బీమా) ఊసే ఎత్తలేదు మీరు! వివాహిత మహిళల ఆస్తి చట్టం కింద తీసుకుంటే ఆ సొమ్ము మీ భార్యాపిల్లలదే, అప్పులవాళ్లు అడగలేరు. కానీ ఆ మాట పాలసీ తీసుకునేటప్పుడే రాయించాలి, అదీ అప్పుల్లో దిగకముందే.

విశాఖ కంపెనీ అంతగా కావాలనుకుంటే కొంత మీ కంపెనీ షేర్లు ఇవ్వండి, మిగతాది వాళ్ల క్లయింట్లు నిలిచేదాన్ని బట్టి విడతలుగా చెల్లించండి. టర్నోవర్ ఒక్కటే చూడకండి. గత 3 ఏళ్లలో కనీసం 2 ఏళ్లు కోటి రూపాయల ఆపరేటింగ్ లాభం (వడ్డీ, తరుగుదల, పన్ను తీయకముందు లాభం) లేకపోతే ఎస్‌ఎంఈ ఐపీఓకు అర్హతే ఉండదు.

టర్మ్ పాలసీకి మెడికల్ టెస్టులుంటాయి, ఈ వారమే దరఖాస్తు చేయండి. తనఖా పేపర్ల మీద మాత్రం సంతకం పెట్టొద్దు.