డాక్ కొనే ముందు ఒక్కసారి ఇది చదువు

చిట్టీ,

ఉద్యోగం చేసుకుంటూనే రాత్రిళ్లు ఆడియో కథల ఎడిటింగ్ ఒప్పుకున్నావని, దానికోసం యూఎస్‌బీ డాక్ (DAC, అంటే కంప్యూటర్లోని డిజిటల్ సౌండ్‌ని హెడ్‌ఫోన్స్‌కి పనికొచ్చే సిగ్నల్‌గా మార్చే చిన్న డబ్బా) కొంటున్నావని మీ నాన్న చెప్పాడు. మనింట్లో నా తర్వాత ఇంకొకరు ఈ పనిలోకి వస్తున్నందుకు మురిసిపోయాను. కానీ రాత్రంతా హెడ్‌ఫోన్స్ అనేసరికి గుండె గుభేలుమంది.

ముందు నీ కంప్యూటర్ సౌండే సరిగ్గా విను. క్యాబినెట్ ముందున్న జాక్‌లో పెట్టి జుయ్యిమంటోందని తీసిపారేయకు. అక్కణ్ణుంచి మదర్‌బోర్డు దాకా పోయే వైరు దారిలో ఉన్న రొదంతా పట్టుకొస్తుంది చాలాసార్లు. వెనకాల ఆకుపచ్చ జాక్‌లో పెట్టు. ఏమీ ప్లే చేయకుండా మౌస్ కదుపు, పెద్ద ఫైల్ ఒకటి కాపీ చెయ్యి. అప్పుడూ నిశ్శబ్దంగానే ఉంటే, హెడ్‌ఫోన్స్ మామూలు 32 ఓమ్‌లవే (ఓమ్‌లంటే అవి కరెంటుకి ఇచ్చే అడ్డు) అయితే, డబ్బులు దాచుకో. చప్పుడు పోకపోతే డాక్ కొను, దాని పని ఆ రొదకి దూరంగా బయట జరుగుతుంది. 250 ఓమ్‌ల స్టూడియో హెడ్‌ఫోన్స్ అయితే కాస్త బలమున్నదే కావాలి. బ్లూటూత్‌వైతే డాక్ వాటిలోనే ఉంటుంది. డబ్బా మీద 192 కిలోహెర్ట్జ్ (సౌండ్‌ని సెకనుకి ఎన్ని వేలసార్లు కొలుస్తారో ఆ లెక్క) అని చూసి పడిపోకు, సీడీకి 44.1 సరిపోయింది.

ఇక మీ మామయ్య సంగతి. పాత క్యాసెట్లు కంప్యూటర్లోకి ఎక్కించే రోజుల్లో ఓ యూఎస్‌బీ డబ్బా తెచ్చి, "సౌండంటే ఇదీ!" అని ఊగిపోయారు. నేనూ విన్నాను. బాగుండటం కాదు, గట్టిగా ఉంది, అంతే. కాస్త గట్టిగా వినిపించేది చెవికి మామూలుగా మెరుగ్గానే తోస్తుంది, బేస్ కూడా నిండుగా అనిపిస్తుంది. ఆ డబ్బా, కంప్యూటర్ రెండింటి వాల్యూమూ సమం చేసి, ఆయన్ని అటు తిరగమని వైర్లు మార్చి వినిపిస్తే ఏది ఏదో చెప్పలేకపోయారు. ఒప్పుకుంటే మీ మామయ్య ఎలా అవుతారు? "నీకు చెవులు లేవే" అని ఇంకో రెండు గీతలు పెంచారు. అలా పెంచుతూనే పోయారు. ఇప్పుడు చెవిలో ఒకటే గుయ్యిమనే మోత. చలికాలంలోనూ ఫ్యాన్ చప్పుడు లేనిదే నిద్రపట్టదు. కాఫీ తాగుతారా అని నేను మూడుసార్లు అరవాలి.

అందుకే చెబుతున్నా, మొద్దుపిల్లా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం సౌండ్ 80 డెసిబెల్స్ అయితే వినొచ్చేది వారానికి 40 గంటలు. మూడు డెసిబెల్స్ పెరిగితే అందులో సగమే. అర్ధరాత్రి అలసట మీద వేలు వాల్యూమ్ పెంచడానికే పోతుంది. పోనివ్వకు. గంటకోసారి తీసి పక్కన పెట్టు.

మామయ్య డబ్బా ఇంకా పనిచేస్తోంది, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ కూడా అడగదు. పండక్కి వచ్చినప్పుడు పట్టుకెళ్లి నేను చెప్పినట్టు పోల్చి చూడు. ఆర్డర్ పెట్టేసుంటే రిటర్న్ గడువు చూసుకో. మిగిలిన డబ్బు మంచి హెడ్‌ఫోన్స్ మీద పెట్టు, తేడా అక్కడే తెలుస్తుంది.

మీ అత్త