టెక్ సందేహాలు: వీధిలో మీటరు, పెరట్లో కారు

ప్రశ్న: నెల్లూరు మూలాపేటలో మాది పొడుగాటి పాత ఇల్లు. మీటరు వీధి వసారాలో ఉంది. ఎలక్ట్రిక్ కారు వెనక సందులోంచి వచ్చి పెరటి షెడ్డులో ఆగుతుంది. మధ్య దూరం 40 మీటర్లు. చివరి గదిలోని ఏసీ పాయింటుకు పోర్టబుల్ చార్జరు తగిలిస్తే ఎర్త్ లైటు ఎర్రగా వెలిగి ఆగిపోతోంది. సాకెట్లో న్యూట్రల్‌నీ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) ఎర్త్‌నీ (లీకైన కరెంటును నేలలోకి పంపే వైరు) కలిపేస్తే సరిపోతుందని ఎలక్ట్రీషియన్ అంటున్నాడు. లేక 7.2 కిలోవాట్ల చార్జరే పెట్టించాలా?

జవాబు: ముందు ఆ ఎలక్ట్రీషియన్‌ని ఆపండి. ఆ రెండూ కలిపితే ఎర్ర లైటు ఆరుతుంది, చార్జింగూ మొదలవుతుంది. వెనక ఎక్కడో న్యూట్రల్ ఊడిన రోజున మాత్రం కరెంటు చార్జరులోంచి తిరిగి నేరుగా కారు బాడీ మీదికి వస్తుంది. తడినేల మీద నిలబడి డోరు పట్టుకున్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

లైటు చెబుతున్నది మీ ఎర్త్ పనిచేయడం లేదని. ఉప్పూ బొగ్గూ పోసి పాతిన జీఐ (జింకు పూత ఇనుప) పైపు తుప్పు పట్టిపోయి ఉండాలి, లేదా ఏసీ పాయింటు దాకా ఎర్త్ వైరే లాగి ఉండరు. షెడ్డు పక్కన 3 మీటర్ల రాగిపూత రాడ్డు, చుట్టూ ఎర్తింగ్ కాంపౌండుతో దింపించి, ఇంటి ఎర్త్‌కీ కలిపించండి. టెస్టరుతో కొలిచి 5 ఓంల లోపు చూపిస్తేనే డబ్బులివ్వండి. రాకపోతే 3 మీటర్ల ఎడంగా ఇంకో రాడ్డు పాతి రెండూ కలపాలి. ఇసుక నేల రోహిణి కార్తెకి ఎండిపోయి ఇదే కొలత పెరుగుతుంది. వానల్లో బాగా చార్జయిన బండి మే నెలలో మొరాయిస్తే ముందు ఎర్త్ గుంతలో నీళ్లు పోసి చూడండి.

ఏసీ పాయింటు మాత్రం వదిలేయండి. పాత వైరింగులో ఎక్కడైనా అల్యూమినియం, రాగి ముడి ఉంటే గంటల తరబడి 15 ఆంపియర్లకి అక్కడే మాడుతుంది. మెయిన్ నుంచి విడిగా 3 కోర్ల 6 స్క్వేర్ ఎంఎం రాగి ఆర్మర్డ్ (ఇనుప కవచం ఉన్న) కేబుల్ లాగించండి. 40 మీటర్లకీ 4, 5 వోల్టులే తగ్గుతుంది. రెండడుగుల లోతున ఇసుకలో కేబుల్ పరిచి, పైన ఇటుకలు పేర్చాలి.

దీనికి 20 ఆంపియర్ల డబుల్ పోల్ ఎంసీబీ (లోడు మించితే ఆపే స్విచ్చు), విడిగా 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే ఆపే స్విచ్చు) ఉండాలి. ఆర్‌సీసీబీ ‘టైప్ ఏ’ది కావాలని గట్టిగా అడగండి. అడక్కపోతే కొట్లో ‘టైప్ ఏసీ’ చేతిలో పెడతారు, డీసీ కలిసిన లీకేజీని అది పట్టుకోలేకపోవచ్చు. వాననీళ్లకి అందకుండా బాక్సు 4 అడుగుల ఎత్తున బిగించాలి.

ఈ 15 ఆంపియర్లతో వచ్చే 3.3 కిలోవాట్లు మీకు చాలు. రాత్రి 8 గంటల్లో 26 యూనిట్లు లాగుతుంది. నష్టాలు పోను చిన్న కారుకి సుమారు 150 కిలోమీటర్లు. కావలి వెళ్లొచ్చినా మిగులుతుంది. 7.2 కిలోవాట్లంటే 32 ఆంపియర్లు. రేపెప్పుడో కావాలనుకుంటే ఇప్పుడే 10 స్క్వేర్ ఎంఎం కేబుల్ వేయండి, తవ్వకం ఖర్చు ఒక్కసారితో పోతుంది. ఏదైనా సరే, ఎస్‌పీడీసీఎల్ (కరెంటు సరఫరా సంస్థ) బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు (మీకు మంజూరైన గరిష్ఠ లోడు) చూసుకుని, చాలకపోతే అదనపు లోడుకి ముందే దరఖాస్తు పెట్టండి.

ప్రశ్న: ఒంగోలులో ఫ్లాటు. కారు చార్జింగుకి కామన్ మీటరు నుంచి కరెంటు వద్దని అసోసియేషన్ అంటోంది.

జవాబు: వాళ్లన్నది న్యాయమే, ఆ బిల్లు అందరిదీ. మీ ఫ్లాటు మీటరు నుంచే స్టిల్టు (కింది పార్కింగు) పైకప్పు వెంట పైపులో కేబుల్ తెచ్చుకోండి. విడి మీటరే కావాలంటే, విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనలకు 2024లో చేసిన సవరణ ఈవీ (ఎలక్ట్రిక్ వాహనం) చార్జింగుకి ప్రత్యేక కనెక్షన్ అడిగే వీలిచ్చింది. అసోసియేషన్ నుంచి కేబుల్ దారికి మాత్రం రాతపూర్వకంగా ఒప్పుదల తీసుకోండి.