సమాధి దగ్గర ఏడుపు రాలేదు, నా విశ్వాసంలో లోపమా?

ప్రశ్న: వందనాలు అమ్మగారూ. మా ఆయన పోయాక చీటీ కట్టి డబ్బు కూడబెట్టుకుని, మా సంఘం వాళ్ళతో యెరూషలేము వెళ్ళొచ్చాను. యేసు ప్రభువును ఉంచారని చెప్పే పరిశుద్ధ సమాధి మందిరంలో చాలాసేపు క్యూలో నిలబడితే లోపల అర నిమిషం కూడా ఉండనివ్వలేదు. మా వాళ్ళందరూ వెక్కి వెక్కి ఏడ్చారు. నాకు మాత్రం ఏమీ అనిపించలేదు. మర్నాడు తోటలో ఇంకో సమాధి చూపించి, ఇదే అసలుదని కొందరి నమ్మకం అన్నారు. వచ్చే ఆదివారం సాక్ష్యం చెప్పమంటున్నారు పాస్టరుగారు. ఒకటే టెన్షన్. నా విశ్వాసంలో లోపం ఉందా?
– ఒక సోదరి, ఏలూరు

జవాబు: లోపం లేదమ్మా. ముందు ఆ దిగులు తీసేయండి.

ఆ గదిలోకి నేనూ వెళ్ళాను. నడుం వంచి దూరాలి. నలుగురు చేరితే ఊపిరాడదు. పాలరాతి మీద చెయ్యి ఆనించామో లేదో, బయట నిలబడ్డ సన్యాసి త్వరగా రమ్మంటాడు. పైగా మీరు సొంత మనిషిని మట్టిలో పెట్టి వచ్చినవారు. సమాధి ముందు మీ మనసు బిగుసుకుపోతే ఆశ్చర్యం ఏముంది? ప్రభువు తిరిగి లేచిన ఆదివారం పొద్దున్నే ఆయన సమాధికి వెళ్ళిన స్త్రీలు వణుకుతూ పారిపోయారని, భయంతో ఎవరికీ ఏమీ చెప్పలేదని మార్కు రాశాడు. మగ్దలేనే మరియ ఏడ్చింది, నిజమే. ఏడుస్తూనే ఎదురుగా నిలబడ్డ ప్రభువును తోటమాలి అనుకుంది. కన్నీళ్ళను బట్టి విశ్వాసాన్ని కొలవకండి.

ఇక రెండు సమాధుల సంగతి. మందిరంలో ఉన్నదానికి నాలుగో శతాబ్దం నుంచీ ఆధారం ఉంది. కాన్‌స్టంటైన్ చక్రవర్తి అక్కడే గుడి కట్టించాడు. 2016లో మరమ్మతుల కోసం పాలరాయి ఎత్తినప్పుడు అడుగున ఉన్న సున్నాన్ని పరీక్షిస్తే, అది క్రీ.శ. 345 ప్రాంతానిదని తేలింది. యెరూషలేము పాత నగరపు దమస్కు గుమ్మం బయట ఉన్న తోట సమాధికి పేరొచ్చింది 19వ శతాబ్దంలోనే. అది యేసు కాలానికి కొన్ని వందల ఏళ్ళ ముందే తొలిచినదని పురావస్తు పరిశోధకులు చెప్పారు. సువార్తల్లో ఉన్నదేమో కొత్త సమాధి. అయినా తోటలో ప్రశాంతంగా కూర్చుని ప్రార్థన చేసుకోవచ్చు కాబట్టి మనవాళ్ళకి అదే నచ్చుతుంది. తప్పేం లేదు.

బైబిలును లాటినులోకి తెచ్చిన జెరోమ్ బేత్లెహేములోనే ముప్పై ఏళ్ళకు పైగా ఉండి, అక్కడే కన్నుమూశాడు. అంతటివాడు ఒక మిత్రుడికి ఉత్తరం రాస్తూ, పరలోకపు వాకిలి యెరూషలేముకు ఎంత దగ్గరో బ్రిటన్‌కూ అంతే దగ్గర అన్నాడు. ఏలూరుకూ అంతేనమ్మా.

సాక్ష్యంలో రాని ఏడుపు వచ్చిందని చెప్పకండి. మీరు కపెర్నహూము కూడా చూసే ఉంటారు. సరస్సు ఒడ్డున నల్లరాతి గోడలు, ఒకదాన్నొకటి ఒరుసుకుని ఇరుకిరుకు గదులు. ప్రభువు శిష్యుడు పేతురు ఇల్లని చెప్పేచోట పైన గుడి కట్టి, నేలకు అద్దం వేశారు. తొంగి చూస్తే కింద ఆ పాత గోడలే. పక్కనే తెల్లరాతి సమాజమందిరం, అంటే యూదుల ప్రార్థన మందిరం. అది తర్వాతి కాలంలో కట్టినదే, కానీ దాని కింద నల్లరాతి పునాది ఇంకా కనిపిస్తుంది. సమాజమందిరంలోంచి బయటికొచ్చి సీమోను, అంటే పేతురు, ఇంటికి వెళ్ళారని చదువుతాం కదా, ఆ రెంటికీ మధ్య దూరం నాలుగడుగులు! జ్వరంతో పడుకున్న అత్తగారి చెయ్యి పట్టుకుని లేపడానికి యేసు ఆ కాస్త దూరమే నడిచాడు. యాత్ర మొత్తంలో నా మనసు కదిలింది అక్కడే. యెరూషలేములో కాదు.

మీకూ అలా మనసులో నిలిచిపోయింది ఏదో ఒకటి ఉంటుంది. నది నీళ్ళు కావచ్చు, బస్సులో మీ పక్కన కూర్చున్నావిడ మాట కావచ్చు. దాని గురించే చెప్పండి. సమాధి దగ్గర ఏమీ అనిపించలేదని కూడా ధైర్యంగా చెప్పండి. మీలాగే యాత్ర నుంచి వచ్చి, లోలోపల కుమిలిపోయేవాళ్ళు ఆ సంఘంలో ఇంకా ఉండొచ్చు. పాస్టరుగారికి శనివారమే విషయం చెప్పి, అయిదు నిమిషాలు చాలనండి. వాక్యం కావాలంటే మార్కు 1:29–31 చదివించండి.