కిట్ పెట్టుకునే ముందు, అవతల చూసేదెవరో అడగండి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది: నాన్నగారికి హార్ట్ ఫెయిల్యూర్, ఈమధ్యే ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చారు. రోజూ బరువు, బీపీ, పల్స్ తీసి నెట్ ద్వారా ఆస్పత్రికి పంపే కిట్ పెట్టుకోమన్నారు డాక్టర్. ఇలా కనెక్ట్ చేసిన పరికరాలతో వైద్యం నిజంగా మారుతోందా, లేక ఇదంతా గాడ్జెట్ల మోజేనా అని మీ అనుమానం. ఈ పరికరాలు భద్రమేనా అని కూడా అడిగారు.

అలాంటి రీడింగ్స్ వచ్చి పడే చోటే నా ఉద్యోగం. గుండె జబ్బున్నవాళ్లను ఇంటి దగ్గరే ఉంచి గమనించే టీమ్‌లో నర్సుని. మా అమ్మకి షుగర్ సెన్సర్ ఉంది, కాబట్టి పేషెంట్ ఇంటివైపు నుంచి కూడా ఈ వ్యవహారం తెలుసు. నా జవాబు: అవతల ఆ అంకె చూసి, అదే రోజు ఏదో ఒకటి చేయగలిగే మనిషి ఉంటే చాలా మారుతుంది. ఆ మనిషి లేకపోతే మీ ఇంట్లో ఛార్జింగ్ పెట్టాల్సిన వస్తువు ఇంకొకటి పెరుగుతుంది, అంతే.

ఇది నా ఒక్కరి అభిప్రాయం కాదు. మీ నాన్నగారి జబ్బు మీదే జరిగిన రెండు పెద్ద ట్రయల్స్ పక్కపక్కన పెట్టి చూడండి. మొదటిది అమెరికాలో జరిగిన టెలి-హెచ్ఎఫ్, 2010లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చింది. 1,653 మంది పేషెంట్లు. అందులో సుమారు సగం మంది రోజూ ఒక ఆటోమేటిక్ ఫోన్ లైన్‌కి కాల్ చేసి బరువు, లక్షణాలు చెప్పాలి. ఆరు నెలల తర్వాత లెక్క చూస్తే, మళ్లీ ఆస్పత్రిలో చేరడంలో గానీ మరణాల్లో గానీ తేడా ఏమీ కనపడలేదు. 14 శాతం మంది అసలు ఒక్కసారి కూడా ఆ లైన్ వాడలేదు. చివరికొచ్చేసరికి వారంలో కనీసం మూడుసార్లు కాల్ చేస్తున్నవాళ్లు 55 శాతమే మిగిలారు. ఆయాసంతో ఉన్న మనిషిని రోజూ ఒక రికార్డింగ్‌తో మాట్లాడమంటే ఎన్నాళ్లు మాట్లాడతారు చెప్పండి.

రెండోది జర్మనీలో జరిగిన టిమ్-హెచ్ఎఫ్2, 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. 1,500 మందికి పైగా పేషెంట్లు. ఇంట్లో బరువు తూచే మిషన్, బీపీ, ఈసీజీ, ఆక్సిజన్ చూసే పరికరాలు. ఇక్కడ అసలు తేడా ఏమిటంటే, బెర్లిన్‌లోని షారిటే ఆస్పత్రిలో 24 గంటలూ డాక్టర్లు, నర్సులు ఉండే ఒక కేంద్రం ఆ రీడింగ్స్ చూసేది. అవసరమైతే ఫోన్ చేసి మందు మార్చేది. అనుకోకుండా గుండె సమస్యతో ఆస్పత్రిలో చేరడం వల్లో, మరణం వల్లో పోయిన రోజులు ఏడాదికి సగటున మామూలు చికిత్సలో 24.2 ఉంటే, ఈ గుంపులో 17.8. మరణాలు కూడా తగ్గాయి. జబ్బు అదే, ఉద్దేశం అదే. చూసేవాళ్లున్న చోట ఫలితం వచ్చింది.

చూడటం అంటే ఏమిటో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే బయటివాళ్లకి ఇది కంప్యూటర్ చేసే పనిలా అనిపిస్తుంది. హార్ట్ ఫెయిల్యూర్‌లో ఒంట్లో నీరు చేరుతుంది. ఆ నీటిని ఇంట్లో కనిపెట్టడానికి ఉన్న చవకైన దారి బరువు. మూడు రోజుల్లో రెండు కేజీలకు మించి పెరిగితే అది కొవ్వు కాదు, నీరే అని ముందు అనుమానించాలి. స్క్రీన్ మీద ఒక పెద్దాయన పేరు ఎర్రగా మారుతుంది. నేను ఫోన్ చేస్తాను. మొదటి ప్రశ్న జబ్బు గురించి కాదు, పొద్దున్నే టాయిలెట్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తినకముందు తూచారా అని. ఆ తర్వాత కాళ్ల వాపు, చెప్పులు బిగుతవుతున్నాయా, రాత్రి ఎన్ని దిండ్లు వేసుకుంటున్నారు, పడుకోగానే ఊపిరి ఆడట్లేదా, కీళ్ల నొప్పికి ఏదైనా మాత్ర కొత్తగా మొదలుపెట్టారా. ఈ చివరి ప్రశ్నకి చాలాసార్లు 'అవునమ్మా, మోకాలు నొప్పికి వేసుకుంటున్నా' అని జవాబొస్తుంది. ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఒంట్లో ఉప్పునీ నీటినీ పట్టి ఉంచుతాయి. ఆ సంగతి ఏ సెన్సరూ చెప్పదు. డాక్టర్‌తో మాట్లాడి నొప్పి మాత్ర ఆపిస్తాం, నీరు తీసే మాత్ర డోసు కొన్నాళ్లు పెంచుతాం, పొటాషియం, క్రియాటినిన్ రక్తపరీక్షకి పంపిస్తాం. ఇదంతా అయ్యేసరికి ఆయన ఇంట్లోనే ఉంటారు. పదేళ్ల క్రితమైతే అదే మనిషిని అర్ధరాత్రి ఆయాసంతో ఎమర్జెన్సీలో చూసేదాన్ని.

మనవడు తాతగారి మిషన్ ఎక్కిన రోజులు కూడా ఉంటాయి. రాత్రికి రాత్రి పెద్దాయన బరువు సగానికి పడిపోతుంది, సిస్టమ్ గోల పెట్టేస్తుంది. అప్పుడు కూడా ఫోన్ చేయాల్సిందే. ఆ ఫోన్లలో నవ్వులే ఎక్కువ అనుకోండి.

ఒక పరిమితి మాత్రం దాచకూడదు. బరువు ఆలస్యంగా చెప్పే సాక్షి. ఊపిరితిత్తులకు వెళ్లే రక్తనాళంలో ప్రెషర్ అంతకు చాలా ముందే పెరగడం మొదలవుతుంది. అందుకే ఆ నాళంలోనే పెట్టే చిన్న సెన్సర్ వచ్చింది, కార్డియోమెమ్స్ అంటారు. 2014లో అమెరికాలో మందులకీ వైద్య పరికరాలకీ అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ దీన్ని అనుమతించింది. దానిలో బ్యాటరీ ఉండదు. ప్రత్యేకమైన దిండు మీద పడుకుంటే బయటి నుంచి వచ్చే రేడియో తరంగాలతోనే అది పనిచేసి ప్రెషర్ పంపుతుంది. అందరికీ అది అక్కర్లేదు, పెట్టడానికి రక్తనాళంలోకి సన్నని గొట్టం పంపే కాథెటర్ ప్రొసీజర్ కావాలి. మీ డాక్టర్ ఎప్పుడైనా దాని మాట ఎత్తితే కంగారు పడకుండా ఉంటారని చెప్తున్నా.

ఇక డాక్టర్ల వైపు. దూరం నుంచి గుండెను చూడటం కొత్తేమీ కాదు. ఈసీజీని మనకిచ్చిన ఐంతోవెన్ 1905లోనే నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో, ఆస్పత్రిలో ఉన్న పేషెంట్ గుండె సంకేతాన్ని కిలోమీటరున్నర దూరంలో ఉన్న తన ల్యాబ్‌కి టెలిఫోన్ తీగ మీద రప్పించాడు. ఆయనకి ఒకసారికి ఒక పేషెంట్, ఒక గీత. ఇప్పుడు డాక్టర్‌కి వచ్చేది గీత కాదు, ఆగని ధార. అపాయింట్‌మెంట్ అయిపోయాక కూడా పేషెంట్ వెళ్లిపోడు, అతని అంకెలు వస్తూనే ఉంటాయి. నాతో పనిచేసే ఒక కార్డియాలజిస్ట్ దీనికి మొదట్లో బాగా చిరాకు పడేవారు. 'రాత్రి రెండింటికి వచ్చిన రీడింగ్‌కి నేను బాధ్యుణ్ణా కాదా, అది తేల్చండి ముందు' అనేవారు. న్యాయమైన ప్రశ్న. రాతపూర్వకంగా సమాధానం ఉన్న చోటే ఈ పద్ధతి నిలబడుతుంది. లేని చోట డాక్టర్లు మెల్లగా స్క్రీన్ తెరవడం మానేస్తారు.

పైగా కంప్యూటర్ ముందు వాళ్ల సమయం ఇప్పటికే కరిగిపోతోంది. 2016లో అమెరికాలో డాక్టర్ల పనిని దగ్గరుండి గమనించిన ఒక అధ్యయనంలో, పేషెంట్‌తో గడిపే ప్రతి గంటకీ దాదాపు రెండు గంటలు రికార్డులకీ డెస్క్ పనికీ పోతున్నట్టు తేలింది. దాని మీద అలారాలు. ఎప్పుడూ మోగే అలారం ఎవరికీ వినపడదు. ఆస్పత్రుల్లో మేం దీన్ని అలారం ఫటీగ్ అంటాం, ప్రాణాలు తీసిన సందర్భాలు కూడా ఉన్నాయి. అందుకే మా టీమ్‌లో ఎక్కువ శ్రమ పడేది కొత్త పరికరాలు చేర్చడానికి కాదు, ఏ అంకెకి అలారం మోగక్కర్లేదో ప్రతి పేషెంట్‌కీ విడిగా నిర్ణయించడానికి.

పేషెంట్ల విషయంలో అన్నిటికన్నా పెద్ద మార్పు నేను చూసింది షుగర్‌లో. చర్మం కింద ఉండే సెన్సర్ కొద్ది నిమిషాలకోసారి గ్లూకోజ్ చెప్తుంది. దీన్ని ముందుకు తోసింది కంపెనీలు మాత్రమే కాదు. 2013 ప్రాంతంలో టైప్ 1 షుగర్ (ఇన్సులిన్ తప్పనిసరి అయ్యే రకం) ఉన్న పిల్లల తల్లిదండ్రులు కొందరు, బిడ్డ స్కూల్లో ఉండగా షుగర్ ఎంతుందో తెలుసుకోవడానికి సొంతంగా ప్రోగ్రామ్ రాసుకుని సెన్సర్ అంకెల్ని నెట్‌కి ఎక్కించారు. నైట్‌స్కౌట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ అలా పుట్టింది. పేషెంట్ల ఇళ్లలోంచి వచ్చిన టెక్నాలజీ కాబట్టేమో, ఇది వాళ్ల రోజుకి సరిగ్గా అతుకుతుంది.

మా అమ్మ విషయానికొస్తే, సెన్సర్ పెట్టిన కొత్తలో ఆమెకి షుగర్ కన్నా టెన్షన్ ఎక్కువైంది. గంటకి పదిసార్లు ఫోన్ చూసేది. తిన్న తర్వాత గీత పైకి వెళ్తే ఏదో తప్పు చేసినట్టు ముఖం పెట్టేది. డాక్టర్ కూర్చోబెట్టి చెప్పారు: సాధారణంగా షుగర్ 70 శాతం సమయం 70 నుంచి 180 మధ్య ఉండాలంటారు గానీ, వయసు మళ్లి ఇతర జబ్బులున్నవాళ్లకి 50 శాతం దాటితే చాలు, వాళ్ల విషయంలో 70 కిందకి పడిపోకుండా చూడటమే ముఖ్యం అని. ఆ మాట విన్నాక అమ్మ ఫోన్ పక్కన పెట్టింది. షుగర్ పడిపోయిందని రాత్రుళ్లు మోగే అలారాల్లో చాలావరకు ఆమె సెన్సర్ ఉన్న చేతి మీదకి ఒత్తిగిలి పడుకున్నప్పుడు వచ్చేవే. సెన్సర్ నొక్కుకుపోతే షుగర్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. ఒంట్లో వణుకు, చెమటలకీ సెన్సర్ అంకెకీ పొంతన లేకపోతే వేలిమీద గుచ్చి చూసుకోవాలి, ఈ రూలు ఇప్పటికీ మారలేదు.

వేలికి పెట్టే ఆక్సిమీటర్‌కీ ఇలాంటి గుణాలున్నాయి. గోళ్లకి వేసుకున్న రంగు, చల్లబడ్డ వేళ్లు దాన్ని తికమక పెడతాయి. అంతకన్నా పెద్ద సంగతి, ముదురు రంగు చర్మం ఉన్నవాళ్లలో అది ఆక్సిజన్‌ని ఉన్నదానికన్నా ఎక్కువగా చూపించవచ్చు. 2020లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో, అది పట్టుకోలేకపోయిన ఆక్సిజన్ కొరత తెల్లవాళ్లకన్నా నల్లవాళ్లలో దాదాపు మూడు రెట్లు ఎక్కువసార్లు కనిపించింది. మనలో చాలామంది చర్మం రంగు సంగతి మీకు తెలుసు కదా. అంకె 95 ఉన్నా మనిషి ఆయాసపడుతుంటే, మనిషినే నమ్మండి.

స్మార్ట్ వాచీల గురించి క్లుప్తంగా చెప్తాను. నాలుగు లక్షల మందికి పైగా పాల్గొన్న యాపిల్ హార్ట్ స్టడీలో గుండె లయ తేడాగా ఉందని వాచీ హెచ్చరించింది 0.52 శాతం మందినే. ఆ తర్వాత ఛాతీకి అంటించుకునే ఈసీజీ ప్యాచ్ పెట్టుకుని తిరిగిచ్చినవాళ్లలో 34 శాతం మందికి ఏట్రియల్ ఫిబ్రిలేషన్, అంటే గుండె లయ తప్పి కొట్టుకునే జబ్బు, దొరికింది. పనికొచ్చే సూచనే, నిర్ధారణ కాదు. మీ నాన్నగారికి జబ్బేమిటో ఇప్పటికే తెలుసు, కాబట్టి వాచీ కొనిపెట్టే తొందర అవసరం లేదు.

భద్రత గురించి కూడా అడిగారు. భయం ఊహ మాత్రమే కాదు. 2017లో ఒక కంపెనీ పేస్‌మేకర్లలో వైర్‌లెస్ లోపం బయటపడి, అమెరికాలో సుమారు 4,65,000 పరికరాలకు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయాల్సి వచ్చింది. దానికి పేషెంట్ స్వయంగా క్లినిక్‌కి రావాల్సిందే. అయితే బరువు మిషన్ని ఎవడో హ్యాక్ చేస్తాడేమోనని మీరు నిద్ర పాడుచేసుకోనక్కర్లేదు. ఆచరణలో ఎదురయ్యే ఇబ్బందులు ఇంకా మామూలువి: వైఫై పాస్‌వర్డ్ మార్చి కిట్ సంగతి మర్చిపోవడం, ఫోన్ మార్చాక యాప్ మళ్లీ జతచేయకపోవడం. రీడింగ్స్ ఆగిపోయిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు, 'అంతా బాగుంది కాబట్టే ఫోన్ రాలేదు' అనుకుంటారు.

కాబట్టి కిట్ ఒప్పుకునే ముందు మీ డాక్టర్‌ని కొన్ని సంగతులు అడగండి. రీడింగ్స్ ఎవరు చూస్తారు, ఆదివారం కూడా చూస్తారా? ఏ అంకె దాటితే ఎంతసేపట్లో ఫోన్ వస్తుంది? రీడింగ్ రాకపోతే కూడా ఫోన్ వస్తుందా? ఫోన్ చేసేవాళ్లకి మాత్ర డోసు మార్చే అధికారం ఉందా, లేక 'వచ్చి కలవండి' అనడమేనా? డేటా ఎవరి దగ్గర ఉంటుంది, మానేస్తే ఏమవుతుంది? మూడో ప్రశ్నకి వాళ్లు తడబడితే నాకైతే నమ్మకం సన్నగిల్లుతుంది. ఛాతీ నొప్పి వచ్చినా, ఊపిరి ఆడకపోయినా, స్పృహ తప్పినా కిట్ వైపు చూడకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లాలి. ఇది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి, ఎందుకంటే 'మిషన్ పంపింది కదా, వాళ్లే చేస్తారు' అని ఎదురుచూసినవాళ్లని చూశాను.

ఇంకొకటి, నాన్నగారిని కూడా అడగండి. రోజూ పొద్దున్నే ఎవరో తనని గమనిస్తున్నారనేది కొందరికి ధైర్యం, కొందరికి నామోషీ. నామోషీ అనుకునేవాళ్ల చేత బలవంతంగా పెట్టిస్తే నెల తిరక్కముందే మిషన్ మంచం కిందకి చేరుతుంది. ఒప్పుకుంటే, మొదటి వారం వచ్చే అంకెలతో ఏమీ తేల్చేయకండి. ఆయన మామూలు బరువు, మామూలు బీపీ ఎంతో మా లాంటివాళ్లకి తెలియడానికే ఆ వారం సరిపోతుంది. ఆ రోజుల్లో అంకెలు పైకీ కిందకీ ఆడుతుంటే రోజూ ఆయనకి చదివి వినిపించకండి, అంకెల గొడవ మాకొదిలేయండి.