వృత్తి ఆటను వదిలి కళాశాల కోచ్‌గా వెళ్లడం దిగజారడమేనా?

పేరున్న వృత్తి ఆటగాడు కళాశాలలో కోచ్‌గా చేరితే, అది ఆట చేతగాక తప్పుకోవడమే కదా అని అడిగారు. ముమ్మాటికీ కాదు. అమెరికా బేస్‌బాల్‌లో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ల ఆటగాడైన రే ఫిషర్ జీవితమే ఇందుకు సాక్ష్యం.

వెర్మాంట్ రాష్ట్రంలో 1887లో పుట్టిన ఫిషర్, 1910లో నేటి న్యూయార్క్ యాంకీస్ జట్టులో పిచ్చర్‌గా, అంటే బంతి విసిరే ఆటగాడిగా అడుగుపెట్టి, తరువాత సిన్సినాటి రెడ్స్ జట్టుకు మారారు. బడిలో లాటిన్ చెప్పినవారు కావడంతో ఆయనకు వెర్మాంట్ బడిపంతులు అన్న పేరు స్థిరపడింది. అమెరికా వృత్తి బేస్‌బాల్ విజేతను తేల్చే వరల్డ్ సిరీస్‌లో, 1919లో చికాగో వైట్ సాక్స్‌తో జరిగిన మూడో ఆటలో ఆయన బంతి విసరగా రెడ్స్ 3-0తో ఓడింది. చికాగో ఆటగాళ్లు కొందరు డబ్బు తీసుకుని ఓడిపోయారన్న అపకీర్తి మూటగట్టుకున్న సిరీస్ అదే.

1921లో రెడ్స్ యాజమాన్యం జీతంలో వెయ్యి డాలర్లు కోసి కాంట్రాక్టు పంపింది. అదే సమయంలో ఆన్ ఆర్బర్‌లోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో కోచ్ ఉద్యోగం రావడంతో ఆయన అటు వెళ్లారు. పది రోజుల ముందు నోటీసు ఇవ్వవలసి ఉండగా ఏడు రోజులే ఇచ్చారని యాజమాన్యం పట్టుబట్టింది. వృత్తి బేస్‌బాల్‌పై సర్వాధికారి అయిన కమిషనర్ లాండిస్ ఆయనను వృత్తి బేస్‌బాల్ నుంచి శాశ్వతంగా బహిష్కరించారు. ఆట అమ్ముకున్నారన్న ఆరోపణపై ఎనిమిది మంది చికాగో ఆటగాళ్లకు అదే ఏడాది, అదే లాండిస్ విధించిన శిక్ష కూడా ఇదే! పిల్లలకు ఆట నేర్పడానికి వెళ్లిన మనిషిని వారితో ఒకే గాటన కట్టడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి ఇంజనీరింగ్ కళాశాలలో పాఠాలు చెప్పడానికి చేరినప్పుడు, ఈ నోటీసు పేచీ నాకూ అనుభవమైంది. వెళ్లమని నోటిమాటగా చెప్పిన పై అధికారి, తీరా సమయానికి నోటీసు కాలం పూర్తి కాలేదంటూ రిలీవింగ్ లెటర్ తొక్కిపెట్టారు. జీతాల బిల్లు పెట్టే రోజున కళాశాల గుమస్తా నా ఫైలు తెరిచి, ఆ కాగితం ఉండవలసిన చోట పెన్సిలుతో సున్నా చుట్టి, "ఇది లేకుండా బిల్లు కదలదు సార్" అన్నారు. ఎక్కువ జీతమిచ్చే చోటికి వెళ్లి ఉంటే అభినందించే బంధువులే, పాఠాలు చెప్పడానికి వెళ్లానని జాలిపడ్డారు. మన కళాశాలల్లో పీడీ గారిని ఆగస్టు పదిహేనున పిల్లలను వరుసలో నిలబెట్టడానికే గుర్తుచేసుకుంటారు కాబట్టి, కోచ్ పదవిని చిన్నచూపు చూడటంలో ఆశ్చర్యం లేదు.

ఫిషర్ 1958 వరకు మిషిగన్‌లోనే ఉండి, 1953లో జట్టుకు కళాశాలల జాతీయ పోటీ అయిన కాలేజ్ వరల్డ్ సిరీస్ గెలిపించారు. నాలుగు దశాబ్దాలకు దగ్గరగా విద్యార్థులను తీర్చిదిద్దిన ఆ జీవితం, పిచ్చర్‌గా ఆయన గడిపిన పదేళ్లకన్నా ఎంతో పెద్దదని నేను గట్టిగా నమ్ముతాను. ఆయన సత్ప్రవర్తనతో రిటైరైన ఆటగాడేనని కమిషనర్ బోవీ కూన్ 1980లో గుర్తించేనాటికి ఆయనకు తొంభై ఏళ్లు దాటాయి. విశ్వవిద్యాలయం మాత్రం అంతవరకు ఆగకుండా, తన బేస్‌బాల్ మైదానానికి ముందే ఆయన పేరు పెట్టుకుంది.