ముందు నీళ్ల దారి మార్చు, తర్వాత బొగ్గు

బిడ్డా,

నిన్న నువ్వు ఫోన్‌లో చెప్పిందే రాత్రంతా మనసులో తిరిగింది. పొద్దున నిగనిగలాడిన టమాట చెట్టు మధ్యాహ్నానికి తల వాల్చిందని, ఆకు ఇంకా పచ్చగానే ఉందని, రెండు రోజుల్లో అదే సాలులో పక్క చెట్లు కూడా పోయాయని అన్నావు. ఫోన్‌లో సగమే చెప్పగలిగాను. రాసి పంపితే దగ్గర ఉంచుకుంటావని రాస్తున్నాను.

మందుల షాపుకు పోయే ముందు ఒక పని చెయ్యి. వాడిన చెట్టు ఒకటి పీకి, మొదలు దగ్గర జానెడు కాండం కొయ్యి. గాజు గ్లాసులో తేట నీళ్లు పోసి, ఆ ముక్క కింది కొస నీళ్లలో మునిగేలా కదలకుండా పట్టుకో. కొద్ది నిమిషాల్లో పాలదారం లాగా తెల్లటి తీగలు కిందికి దిగితే అది బాక్టీరియా ఎండు తెగులు. అట్లా దిగకుండా, కింది ఆకులు ముందు పసుపు పట్టి, చెట్టు మెల్లగా ఎండుతూ, కాండం చీలిస్తే లోపల గోధుమ రంగు చార కనిపిస్తే అది ఎక్కువగా ఫ్యుజేరియం బూజు. వేర్లకు ముడులుంటే నులిపురుగులు. నువ్వు చెప్పిన లక్షణాలు మొదటి దానివే అనిపిస్తోంది. దానికి కొట్టి నయం చేసే మందు లేదు బిడ్డా, ఎవరు అమ్మినా కొనకు.

ఆ బాక్టీరియా నేలలోనే ఏళ్ల తరబడి బతుకుతుంది. వేరుకు తగిలిన చిన్న గాయంలోంచి చెట్టులోకి పోతుంది. నేల వెచ్చగా, తడిగా ఉంటే దానికి పండుగే. ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు దాన్ని మోసుకుపోయేది ఎక్కువగా మనం పెట్టే నీళ్లే. ఈ సంగతి నాకు తెలిసేసరికి అర ఎకరం పోయింది. మీ పెద్దనాయిన ఉన్నప్పుడు చెలక పై కొసన నాలుగు చెట్లు వాడితే, నీళ్లు చాలలేదేమో అనుకుని బోరు ఇంకో గంట ఎక్కువ నడిపించాం. నీళ్లు పారిన దారంతా చెట్లు వరుసగా ఒరిగాయి. ఆ ఏడు నేను మళ్లీ ఆ చెలక వైపు పోవడానికి కూడా మనసొప్పలేదు.

అందుకే ఈ రోజే కాల్వల పారకం ఆపు. వాడిన సాలుకు నీళ్లు పోనివ్వకుండా మట్టి కట్ట వెయ్యి. చచ్చిన చెట్లను వేళ్లతో, చుట్టూ మట్టితో సహా సంచిలోకి తీసి దూరంగా కాల్చు. గట్టు మీదో వాగులోనో పడేయకు. ఆ చోట పనిచేసిన పారను, కొడవలిని కడిగి ఆరనిచ్చాకే మంచి చెట్ల దగ్గరికి తీసుకుపో. మంచి సాళ్లలో పని ముందు ముగించి, తెగులున్న చోటికి చివర్లో పో.

వచ్చే పంటకు డ్రిప్పు, ఎత్తు బోదెలు తప్పనిసరి. చుక్క కాండం మీద పడకుండా బెత్తెడు దూరంలో పడాలి. మూడు రోజులకోసారి నిండా పెట్టడం కంటే రోజూ పొద్దున కొంచెం కొంచెం ఇవ్వడం మేలు. ఎంత ఇవ్వాలో లెక్క కావాలంటే బెత్తెడు లోతు నుంచి పిడికెడు మట్టి తీసి పిసుకు. ముద్ద కట్టి, చేతికి నీరు అంటకపోతే చాలు. ఎండగట్టి ఒక్కసారిగా తడిపితే కాయలు పగులుతాయి, కాయ అడుగు నల్లబడుతుంది.

ఇక బొగ్గు సంగతి. నువ్వు అడిగిన బయోచార్, అంటే నేలలో కలిపే బొగ్గు, ఇప్పుడు వాడిన చెట్టును లేపదు. అది వచ్చే పంటకు నేలను సిద్ధం చేసేది. గాలి తక్కువగా కాల్చిన బొగ్గుకు లెక్కలేనన్ని సన్నటి రంధ్రాలుంటాయి. మన ఎర్ర చెలకలో తడిని పట్టి ఉంచుతుంది, మేలు చేసే సూక్ష్మజీవులకు చోటిస్తుంది. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రిడా, అంటే మెట్ట సేద్యం మీద పరిశోధన చేసే కేంద్ర సంస్థ వాళ్లు డ్రమ్ముతోనే బొగ్గు కొలిమి తయారుచేశారు. నేను మాత్రం గొయ్యి తీసే చేస్తాను.

పత్తి ఏరడం అయ్యాక కట్టెను చెలకలో ఊరికే తగలబెట్టకు. గులాబీ పురుగు దాక్కునేది అందులోనే, ఎట్లాగూ తీసేయాల్సిందే. మోకాలి లోతున, పైన వెడల్పుగా, కింద ఇరుకుగా గొయ్యి తియ్యి. అడుగున మంట పెట్టి కట్టెను పలుచగా వేస్తూ పో. పైన తెల్ల బూడిద కనిపించగానే ఇంకో పొర వెయ్యి. గొయ్యి నిండాక నీళ్లతో బాగా ఆర్పు. ఎక్కడ నిప్పు మిగిలినా రాత్రికి మళ్లీ రాజుకుని అంతా బూడిదే అవుతుంది. దంచేటప్పుడు కొంచెం తడిపి, ముక్కుకు గుడ్డ కట్టుకో. పెసర గింజంత ముక్కలు చాలు.

అట్లనే నేలలో వెయ్యకు. కొత్త బొగ్గు మొక్క తినాల్సిన నత్రజనిని తనే పట్టుకుంటుంది. నేను ఒక ఏడు తొందరపడి వేస్తే నారు పసుపెక్కింది. మాగిన పెంటను సమానంగా కలిపి, ఆవు మూత్రం చల్లి, నీడలో మూడు వారాలు తడి ఆరకుండా ఉంచు.

ఎక్కువ వేస్తే ఎక్కువ మంచిదన్న లెక్క ఇక్కడ చెల్లదు. నేల బరువులో ఒక శాతం లోపు వేస్తే తెగులు తగ్గి, ఎక్కువ వేస్తే తిరిగి పెరిగిన ప్రయోగాలున్నాయి. ఎకరమంతా అర అడుగు లోతుకు ఒక శాతం అంటేనే దాదాపు 8 టన్నులు, అంత మనవల్ల కాదు. మొక్క నాటే ఒక్కో గుంతకు 60 గ్రాములు, అంటే ఒక పిడికెడు వెయ్యి. రెండు మూరల ఎడంలో సాళ్లు, సాలులో రెండడుగులకో మొక్క పెడితే ఎకరానికి 7,260 దాకా పడతాయి. మొత్తం బొగ్గు నాలుగైదు క్వింటాళ్లకు మించదు. మొదటి ఏడు నాలుగు సాళ్లకే వేసి, పక్కనే వెయ్యని నాలుగు సాళ్లు ఉంచి చూడు. అంతకంటే ముందు కంపాసాగర్ కృషి విజ్ఞాన కేంద్రం వాళ్లను అడిగి మట్టి పరీక్ష చేయించు. మట్టి పులుపు, చవుడు చెప్పే పీహెచ్ అంకె 8 దాటిన నేలయితే బొగ్గు మానుకో, అది ఇంకా చవుడు వైపు లాగుతుంది.

ఇప్పుడు తెగులున్న చోట రెండేళ్లు జొన్నో మక్కజొన్నో వెయ్యి. వంకాయ, మిరప, ఆలుగడ్డ వద్దు, అవి కూడా ఈ బాక్టీరియాకు తిండే. మే నెలలో నేలను తడిపి, అవతలికి కనిపించే పల్చటి పాలిథిన్ షీటు గాలి దూరకుండా పరిచి ఆరు వారాలు ఉంచు. మన ఎండ ఆ మాత్రం పని చేస్తుంది. విత్తనం అడిగేటప్పుడు ఈ తెగులును తట్టుకునే అర్క రక్షక్ పేరు చెప్పు, లేదా అడవి వంకాయ వేరు మీద అంటు కట్టిన నారు దొరుకుతుందేమో కనుక్కో.

గ్లాసు పరీక్ష ఈ సాయంత్రమే చేసి ఫోటో పంపు. ఆదివారం పొద్దున మొదటి బస్సుకు దేవరకొండలో ఎక్కి వస్తాను, కాల్వలకు ఎక్కడెక్కడ కట్ట వెయ్యాలో ఇద్దరం నిలబడి చూద్దాం.

నీ పెద్దమ్మ