మూడో నెల దాకా ఆగితే ఏమవుతుంది?

4 రోజుల బాబుకి గుండె నుంచి బయల్దేరే రెండు పెద్ద రక్తనాళాలు తారుమారయ్యాయని, రెండు వారాల్లోపు ఆపరేషన్ చేయాలని అన్నారు, ఇంట్లో పెద్దవాళ్లేమో మూడో నెల దాకా ఆగుదాం అంటున్నారు అని రాశారు. మా చిన్నోడిదీ ఇదే సమస్య. ఇప్పుడు వాడికి ఆరేళ్లు.

"రక్తపు గుడ్డు మీద కత్తి పెట్టనిస్తారా?" అని మా అత్తయ్య కూడా ఏడ్చారు. డాక్టరు కాగితం మీద బొమ్మ గీసి చూపించాక ఆవిడే సంతకం పెట్టండి అన్నారు. మామూలుగా ఒంటికి రక్తం కొట్టేది గుండెలో ఎడమ కింది గది. ఈ పిల్లల్లో అది ఊపిరితిత్తులకు కొడుతుంది. పుట్టాక అక్కడ ఒత్తిడి తగ్గిపోతుంది, పని తేలికై ఆ గది కండరం వారాల్లోనే పలచబడుతుంది. తర్వాత నాళాలు మార్చి కుట్టినా ఒళ్లంతటికీ కొట్టే బలం దానికి ఉండదు. తొందర అందుకే. గుండెలో పెద్ద రంధ్రం కూడా ఉంటే కాస్త వెసులుబాటు ఉండొచ్చు, అది అడిగి తెలుసుకోండి.

మాకు అసలు ఒకరోజు వృథా అయింది. పెదాలు నీలంగా ఉన్నాయంటే నర్సింగ్ హోమ్‌లో చలికి అలాగే ఉంటుందన్నారు. రెండో రోజు వేలికి క్లిప్పు పెడితే ఆక్సిజన్ 62. వెంటనే ప్రోస్టాగ్లాండిన్ డ్రిప్ మొదలుపెట్టారు. పుట్టాక మూసుకుపోయే చిన్న నాళాన్ని తెరిచి ఉంచేది ఆ మందే. ఒక్కోసారి ఆ మందు వల్ల బిడ్డకి ఊపిరి ఆగుతుంది కాబట్టి వెంటిలేటర్ ఉన్న అంబులెన్స్‌లోనే తీసుకెళ్లండి, మందు ఎక్కించే సిరంజి పంపు చార్జింగ్ చూసుకోండి. పెద్దాసుపత్రిలో తొడ దగ్గర నరంలోంచి బెలూన్ పంపి పై గదుల మధ్య దారి వెడల్పు చేస్తే ఆక్సిజన్ 80కి వచ్చింది. తొమ్మిదో రోజు ఆపరేషన్.

నాకెవరూ ముందు చెప్పనిది ఒకటుంది. ఆపరేషన్ తర్వాత వాపు వల్ల రెండు రోజులు ఛాతీ కుట్టకుండా, పైన పల్చటి పొర వేసి ఉంచారు. దాని కింద గుండె ఎగిరెగిరి పడుతోంది. సిజేరియన్ కుట్లతో నిలబడి అది చూసి కళ్లు తిరిగాయి నాకు. అలా ఉంచడం మామూలేనట.

గుండె సర్జన్ ఉన్న ప్రతిచోటా పసిపిల్లలకు చేయరు. ఇందులో అసలు కష్టం, గుండెకే రక్తమిచ్చే ఒకటి రెండు మిల్లీమీటర్ల నాళాలను ఊడదీసి కొత్త చోట కుట్టడం. అందుకే ఏడాదికి ఇలాంటివి ఎన్ని చేస్తారని మొహమాటం లేకుండా అడగండి. తిరుపతిలో 2021లో టీటీడీ తెరిచిన పద్మావతి చిన్నపిల్లల గుండె ఆసుపత్రిని కూడా సంప్రదించండి. ఆరోగ్యశ్రీ కార్డుంటే మొదటే చూపించండి.

తల్లిపాలు పిండి తీసి ఫ్రిజ్‌లో పెడుతున్నారా? డ్రిప్ మొదలైందా? బాబు బరువెంత? చూసి రాయండి, రాత్రి మేలుకునే ఉంటాను.